బెంగళూరు–హైదరాబాద్: గాల్లో తగ్గింది, నేల మీద పెరిగింది

బెంగళూరులోని మారతహళ్లి నుంచి హైదరాబాద్‌ వెళ్లాలంటే మా ఇంట్లో ముందు చూసేది విమానం టికెట్టే. గంటా పావులో చేరుస్తామంటారు మరి. అందులోనూ గాల్లో ఉండేది యాభై నిమిషాలు, అటూ ఇటూ. మిగతాదంతా రన్‌వే దాకా పోవడం, దిగాక గేటు దాకా రావడం. బెంగళూరు ఎయిర్‌పోర్ట్‌ ఉన్న దేవనహళ్లి నుంచి హైదరాబాద్‌ ఎయిర్‌పోర్ట్‌ ఉన్న శంషాబాద్‌కు నేరుగా గీత గీస్తే సుమారు 455 కిలోమీటర్లు.

2008 దాకా విమానాలు ఇక్కడి హెచ్‌ఏఎల్‌ ఎయిర్‌పోర్ట్‌ నుంచి బేగంపేటకు వెళ్లేవి. ఆ రెండింటి మధ్య 500 కిలోమీటర్ల పైనే. ఆ ఏడాది మార్చిలో శంషాబాద్, మే నెలలో దేవనహళ్లి మొదలయ్యాయి. ఒకటి హైదరాబాద్‌కు దక్షిణాన, ఇంకోటి బెంగళూరుకు ఉత్తరాన, రెండూ ఈ ఊళ్లను కలిపే 44వ నంబరు హైవే వైపే. గాల్లో దూరం 50 కిలోమీటర్ల దాకా తగ్గింది. విమానానికి అది నాలుగైదు నిమిషాల పని. మారతహళ్లి వాళ్లకేమో పక్కనే ఉన్న ఎయిర్‌పోర్ట్‌ పోయి, హెబ్బాళ ఫ్లైఓవర్ దాటి పోవాల్సిన ఎయిర్‌పోర్ట్‌ వచ్చింది. సాయంత్రం ఆ ఫ్లైఓవర్ ఎక్కితే ఎప్పుడు దిగుతామో చెప్పలేం. నేనైతే హెణ్ణూరు–బాగలూరు రోడ్డు పట్టుకుంటాను, టెన్షన్ తక్కువ. ఒక్కరే వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌కు పోయే వాయువజ్ర బస్సు చాలు. ఏసీ, సామాన్లకు చోటు, క్యాబ్‌లో సగం కూడా ఖర్చవదు.

చెక్‌-ఇన్‌ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి ఇంకా ముందే అక్కడుండాలి. దిగాక అక్క వాళ్ల ఇల్లు ఎస్సార్ నగర్లో, అంటే పాత బేగంపేట ఎయిర్‌పోర్ట్‌కు దగ్గర్లో. శంషాబాద్‌ నుంచి అక్కడికి మళ్లీ గంట. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్లు హాయిగా సాగుతుంది గానీ మెహిదీపట్నంలో కిందికి దిగగానే మళ్లీ ట్రాఫిక్కే. ఇంటి గడప నుంచి ఇంటి గడపకు లెక్కేస్తే ఐదారు గంటలు.

యశ్వంతపూర్–కాచిగూడ వందే భారత్‌ 2023 సెప్టెంబరులో మొదలైంది. ఎనిమిదిన్నర గంటలు. ధర్మవరం, అనంతపురం, కర్నూలు మీదుగా ప్రయాణం, చక్కగా ఉంటుంది. కానీ అన్నీ కూర్చునే సీట్లే. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మకు అంతసేపు కష్టం. ఆమె వెంట ఉంటే రాత్రి స్లీపర్ రైల్లో కింది బెర్తే మేలు.

స్లీపర్ బస్సు మారతహళ్లిలో ఎక్కించుకుని ఎస్సార్ నగర్లో దింపుతుంది. ఆ సుఖం ఇంక దేంట్లోనూ లేదు. అయినా 2013లో పాలెం దగ్గర, 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర ఇదే దారిలో బస్సులు తగలబడి ఎన్ని ప్రాణాలు పోయాయో తలుచుకుంటే మనసొప్పదు. తప్పక ఎక్కాల్సి వస్తే ఎమర్జెన్సీ తలుపు ఎటుందో, అద్దం పగలగొట్టే సుత్తి ఉందో లేదో చూశాకే పడుకోండి. లేకపోతే డ్రైవర్‌ను అడగండి, మొహమాటం వద్దు.

ఒకరోజు పనికైతే తెల్లవారుజాము విమానమే నా ఓటు. అప్పుడు రోడ్లు ఖాళీ. తిరుగు ప్రయాణంలో అక్క కట్టిచ్చే ఆవకాయ మాత్రం చేతిసంచిలో వద్దు, సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారు. మూతకు టేపు చుట్టి, రెండు కవర్లలో పెట్టి చెక్‌-ఇన్‌ పెట్టెలో వేయండి.