క్లాటెడ్ క్రీమ్‌కు పనికొచ్చిన పాలు మా పాతూరు అంగడివే

మా చిన్నమ్మాయి ఇంగ్లండ్‌లో, డెవన్‌లోని ఎక్సెటర్‌లో చదువుతోంది. పోయిన జూన్‌లో అనంతపురం వచ్చినప్పుడు, అక్కడ స్కోన్ల (బన్నుల్లాంటి చిన్న రొట్టెలు) మీద వేసుకునే క్లాటెడ్ క్రీమ్ ఇంట్లో చేసి పెట్టమని అడిగింది. పాలను వెడల్పాటి గిన్నెలో కదపకుండా ఉంచి, సన్నటి సెగ మీద మరగనివ్వకుండా కాచి, మెల్లగా చల్లారనిచ్చి తీసే మీగడ అది. వింటుంటే మా అవ్వ పిడకల దాలి మీద కాచిన పాలు కళ్ళముందుకొచ్చాయి.

తేలికే అనుకున్నాను గానీ రెండుసార్లు పాడైంది. మొదట తెచ్చిన ప్యాకెట్ పాల మీద హోమోజినైజ్డ్ అని ఉంది. అంటే వెన్నను సన్నగా చిదిమేస్తారు, ఎంతసేపు ఉంచినా పైకి తేలదు. తర్వాత డబ్బా క్రీమ్ తెచ్చాను. అందులో కొవ్వు 25 శాతమే. డెవన్ పక్కనున్న కార్న్‌వాల్ క్లాటెడ్ క్రీమ్‌లో కనీసం 55 శాతం ఉండాలట. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టినా జారుడుగానే ఉండిపోయింది.

అప్పుడు మా పాతూరులో ఎనుము పాలు అమ్మే చిన్న అంగడికి వెళ్ళాను. అంగడతను ఎందుకని అడిగితే చెప్పాను. "అయితే పొద్దున పాలు వద్దక్కా, సాయంత్రం పాలు తీసుకోండి, వెన్న ఎక్కువుంటుంది" అన్నాడు. లాక్టోమీటర్ ముంచి చూపించబోయి, "ఇది నీళ్ళ సంగతి చెప్తుంది గానీ వెన్న సంగతి చెప్పదు" అని తనే అన్నాడు. అమ్మేవాడు అంత ఉన్నదున్నట్టు చెప్పడం నాకు చాలా నచ్చింది.

రెండు లీటర్లు తెచ్చి పచ్చిపాలు అలాగే వెడల్పు గిన్నెలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను. మన ఎండలకు బయట పెడితే విరిగిపోతాయి. పొద్దున గిన్నె కదలకుండా తీసి, పొయ్యి మీద దోసె పెనం పెట్టి, దాని మీద గిన్నె ఉంచి, మంట బాగా తగ్గించాను. గంటన్నర గరిటె పెట్టలేదు. గిన్నె అంచు వెంబడి సన్నటి బుడగలు, నడుమ మీగడ ముడతలు ముడతలుగా లేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. ఒక్క పొంగు వచ్చినా పొర చెదిరిపోతుంది. దించి, చల్లారాక మళ్ళీ రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాను.

మర్నాడు చిల్లుల గరిటెతో అంచు నుంచి లేపితే దుప్పటిలా మడతపడుతూ వచ్చింది. పైన మందపాటి పొర, కింద చెంచా నిలబడే ముద్ద, నోట్లో పెట్టుకుంటే కోవా వాసన. తూకం వేస్తే 150 గ్రాములు దాటింది. రంగు మాత్రం తెల్లగానే ఉంది. అక్కడ ఆవు పాలు కాబట్టి పసుపు వస్తుంది, మన ఎనుము పాలలో ఆ పసుపు ఉండదు. మిగిలిన పలుచటి పాలు తోడేస్తే మజ్జిగకు సరిపోయాయి.

స్కోన్లు చెయ్యడం నాకు రాదు, వేడి ఓళిగ మీద వేసిచ్చాను. పాప మాట్లాడకుండా నాలుగు తినేసింది. జామ్ అడగనేలేదు.

ఒక లోటు చెప్పాలి. మూడోసారి తెచ్చిన పాలలో మీగడ సగం కూడా రాలేదు. వెళ్ళి అడిగితే, ఆ రోజు పొద్దున మిగిలినవి కలిపామని ఒప్పుకుని ఒక లీటరు ఊరికే ఇచ్చాడు. అయినా అది ముందే చెప్పి ఉండాల్సింది. పెళ్ళివాళ్ళ కోసం చేస్తున్న రోజు అలా జరిగితే ఎంత టెన్షన్! అప్పటినుంచి పాలు పోసేముందే "కలపని క్యాన్‌లోవేనా అన్నా?" అని అడుగుతున్నాను, సరిగ్గానే ఇస్తున్నాడు.

సాయంత్రం ఆరులోపు వెళ్ళండి, తర్వాత ఉండవు. గిన్నె మీరే తీసుకెళ్ళండి, కవర్‌లో పోయించుకుంటే దారంతా కుదిలి పాలు నురగెత్తిపోతాయి.