పాత స్టీరియో రిసీవర్‌లో పవర్ సప్లై రిపేరు: కొన్నేళ్ల వాడకం తర్వాత

2020 లాక్‌డౌన్‌లో బాగుచేసిన ఒక పవర్ సప్లై (గోడ కరెంటును సెట్ లోపలికి కావాల్సిన వోల్టుల్లోకి మార్చే భాగం) ఇప్పటిదాకా ఎలా నడిచిందో రాస్తున్నాను. రిసీవర్, అంటే రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండే సెట్, మా మామయ్యది. 1970ల చివర్లో తయారైన జపాన్ సరుకు, చానల్‌కు 45 వాట్లు. కువైట్‌లో ఉద్యోగం మానేసి వస్తూ తెచ్చుకున్నారు. కంపెనీ పేరు రాయట్లేదు, రాసినా పెద్ద ఉపయోగం లేదు. ఆ రోజుల్లో వచ్చిన ఈ తరగతి రిసీవర్లలో ఏది విప్పినా సప్లై బోర్డు ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

గల్ఫ్ సరుకు కావడం మాత్రం కలిసొచ్చింది. వెనకాల వోల్టేజ్ సెలెక్టర్ ఉంది, ఎఫ్ఎం డయల్ 88 నుంచి 108 దాకా ఉంది. అదే జపాన్‌లో అమ్మిన మోడల్ అయితే 100 వోల్టులకు తయారై ఉంటుంది, డయల్ 76 నుంచి 90 దగ్గరే ఆగిపోతుంది. హైదరాబాద్‌లో 102.8 వివిధ భారతి వినాలంటే అది పనికిరాదు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని కొనేవాళ్లు ముందు డయల్ చూసుకోవాలి.

జబ్బు ఏమిటంటే, స్పీకర్లలో సన్నగా గుయ్‌మనే హమ్. వాల్యూమ్ సున్నాకి తిప్పినా పోదు. బాస్ నాబ్ పెంచితే మాత్రం పెరుగుతుంది. ఇద్దరు మెకానిక్‌లు చూసి ఒకే మాట చెప్పారు: "పెద్ద కెపాసిటర్లు పోయినయి సార్, మొత్తం మార్చేద్దాం." పాత సెట్‌లో హమ్ అనగానే అందరి చూపూ ఆ రెండు లావు డబ్బాల మీదకే పోతుంది. నాకు నచ్చనిది ఇదే. బాస్ నాబ్‌తో హమ్ మారుతోందంటే అది టోన్ సర్క్యూట్‌లో గానీ, దానికి ముందు గానీ పుడుతోందన్నమాట. ఆ పెద్ద కెపాసిటర్లు నడిపేది చివర ఉండే మెయిన్ ఆంప్లిఫయర్‌ని. అక్కడ పుట్టిన హమ్‌కి బాస్ నాబ్‌తో పనిలేదు.

మీటర్ పెడితే అదే తేలింది. మెయిన్ రెయిల్స్ (మెయిన్ ఆంప్లిఫయర్‌కి వెళ్లే సప్లై లైన్లు) ప్లస్ 37, మైనస్ 37 వోల్టులు, రెండూ నిలకడగా ఉన్నాయి. టోన్ సెక్షన్‌కి వెళ్లే రెగ్యులేటెడ్ (రెగ్యులేటర్ నిలకడగా పట్టి ఉంచాల్సిన) 30 వోల్టుల దగ్గర మాత్రం 27 చూపించింది. ఏసీ రేంజ్‌లో పెట్టి చూస్తే దాని మీద దాదాపు 0.4 వోల్టు అల (రిపుల్, డీసీ మీద మిగిలిన హెచ్చుతగ్గు) కనిపించింది. ప్రీఆంప్‌కి, అంటే మెయిన్ ఆంప్లిఫయర్‌కి ముందుండే ఈ సెక్షన్‌కి, అది చాలా ఎక్కువ. ట్యూనర్‌కి వెళ్లే 13 వోల్టులు ఈ 30 నుంచే ఒక జెనర్‌తో (వోల్టేజ్‌ను ఒక చోట కట్టేసే డయోడ్) దిగుతాయి. 27 ఉన్నా దానికి సరిపోతుంది, అందుకే ఎఫ్ఎం స్టేషన్ ఇసుమంత కూడా జరగలేదు.

ఇక్కడ ఒక తమాషా జరిగింది. సెలెక్టర్ 220 మీద ఉంది. మా వీధిలో రాత్రిపూట కరెంటు 240 దాటుతుంది. మధ్యలో ఎవరో మెకానిక్ "మనది 220 కదా" అని తిప్పి ఉంటాడు. అలా వదిలేస్తే లోపలి వోల్టేజీలన్నీ 9 శాతం దాకా పెరుగుతాయి. 37 ఉండాల్సిన చోట 40, దానికి తగ్గ వేడి. కొలతలన్నీ తీసుకునే ముందే దాన్ని 240కి మార్చాను. హమ్ తగ్గాల్సింది పోయి ఇంకాస్త పెరిగింది! అసలు ఆచూకీ ఇచ్చింది అదే.

రెగ్యులేటర్ బతకాలంటే దాని లోపలికి వచ్చే వోల్టేజ్ బయటికి ఇచ్చేదానికంటే ఎప్పుడూ కొంచెం ఎక్కువ ఉండాలి. ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ నుంచి వచ్చేది నున్నగా ఉండదు, సెకనుకు 100 సార్లు లేచి పడుతుంది. ఆ పడిన చోట కూడా 30 పైన రెండు మూడు వోల్టులు మిగిలితేనే ట్రాన్సిస్టర్ అలను కోసేసి నికరంగా 30 ఇవ్వగలదు. మిగలకపోతే చేతులెత్తేస్తుంది, కింద ఉన్న గుంతలన్నీ బయటికి అలాగే కనిపిస్తాయి. స్పీకర్‌లో మనకు వినపడే 100 హెర్ట్జ్ హమ్ అదే. సెలెక్టర్ 240కి తిప్పగానే లోపలికి వచ్చేది ఇంకా తగ్గింది కాబట్టి హమ్ పెరిగింది.

మరి ఎందుకు తగ్గింది? దారిలో ఒక 100 ఓమ్స్ ఫ్యూజబుల్ రెసిస్టర్ ఉంది. ఈ రకం రెసిస్టర్లు ఎక్కువ కరెంటు వస్తే మంటలేకుండా తెగిపోవడానికి పెట్టినవి. వయసు మీద పడితే వీటి విలువ పైకి పాకుతుంది. మాది 170 చూపించింది. ఈ సెక్షన్ తీసుకునేది 60 మిల్లీయాంప్‌లు అనుకుంటే, 100 ఓమ్స్ మీద పోవాల్సింది 6 వోల్టులు, 170 మీద పోతోంది 10. ఈ లైనులో రెసిస్టర్‌కి ముందున్న 40లోంచి 6 తీసేస్తే 34, రెగ్యులేటర్‌కి ఊపిరాడుతుంది. 10 తీసేస్తే మిగిలేది 30, ఇక ఆడదు. దాని పక్కనే ఉన్న 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఆ రెసిస్టర్ వేడికి ఎండిపోయి 120 దగ్గరకు దిగింది. అంటే అల లోతు కూడా పెరిగింది. పైకి చూస్తే ఉబ్బలేదు, కారలేదు, కొత్తదానిలా ఉంది. కంటితో చూసి కెపాసిటర్ బాగుందనేవాళ్లను నేను నమ్మను.

ఆ కెపాసిటర్ కింద కంపెనీలో పూసిన జిగురు ఇంకో తలనొప్పి. మొదట్లో లేత పసుపు రంగులో ఉంటుంది. ఏళ్ల తరబడి వేడి తగిలి ముదురు గోధుమ రంగుకు తిరిగితే తడిని పీల్చుకుని కరెంటును కొంచెం కొంచెం మోయడం మొదలుపెడుతుంది, పక్క పార్టుల కాళ్లను తినేస్తుంది. ఒక డయోడ్ కాలు దాదాపు తెగిపోయేలా ఉంది. జిగురును వెదురు పుల్లతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆ డయోడ్‌ను మార్చాల్సి వచ్చింది. ఈ రిపేరులో ఎక్కువ టైమ్ తిన్నది ఈ గీకుడే.

పార్టుల సంగతి. డయోడ్, రెసిస్టర్, మైకా వాషర్, థర్మల్ పేస్ట్, ఇలాంటివన్నీ లాక్‌డౌన్ సడలించాక కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. కెపాసిటర్ల కోసం ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తెప్పించిన లాట్ మాత్రం నకిలీ. పైన పేరున్న ముద్ర ఉంది, కొలిస్తే 470కి బదులు 290. మీటర్ మీద పెట్టకుండా ఏ కెపాసిటరూ బోర్డులో పెట్టొద్దు. తర్వాత పెద్ద డిస్ట్రిబ్యూటర్ దగ్గరే 105 డిగ్రీల రకం, 63 వోల్టులవి తెప్పించాను. పాతది 85 డిగ్రీలది. ప్రతి 10 డిగ్రీల వేడికి ఈ రకం (ఎలక్ట్రోలైటిక్) కెపాసిటర్ ఆయుష్షు సగానికి పడిపోతుందని ఈ పనిలో ఉన్నవాళ్లందరూ వాడే లెక్క. మన మే నెలను తలుచుకుంటే ఆ 20 డిగ్రీల తేడా చిన్నది కాదు. రెసిస్టర్ మళ్లీ ఫ్యూజబుల్ రకమే వేశాను. బోర్డుకు అంటించకుండా కాస్త పైకి లేపి, కెపాసిటర్‌కి దూరంగా వంచాను.

రెగ్యులేటర్‌లో కరెంటును మోసే పాస్ ట్రాన్సిస్టర్ డి313 బాగానే ఉంది, మార్చలేదు. ఎండిన పేస్ట్ తుడిచి కొత్త మైకా వేశానంతే. ఒకవేళ మార్చాల్సి వస్తే టిప్ 41సి వేసుకోవచ్చు, కాళ్ల వరస ఒకటే. చిన్న ట్రాన్సిస్టర్ల దగ్గర జాగ్రత్త: సి1815 వరస వేరు, బీసీ547 వరస వేరు. ఉన్నది ఉన్నట్టు గుచ్చితే కాలిపోతుంది.

విప్పేవాళ్లకు ఒక మాట. ప్లగ్ పీకాక కూడా పెద్ద కెపాసిటర్లలో చార్జ్ ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి ఠప్పుమనిపించడం మన దగ్గర అలవాటు, దయచేసి మానేయండి. 100 ఓమ్స్ 10 వాట్ల రెసిస్టర్‌ను కొన్ని సెకన్లు ఆనించి, మీటర్‌తో చూసుకుంటే చాలు. మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు బోర్డు (సెట్‌కు వెళ్లే కరెంటు ఒక బల్బు గుండా పోయేది) మీదే పెట్టాలి. బల్బు ఒకసారి వెలిగి మసకబడితే సరే, వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. దానికి ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ పనికిరాదు. ఇప్పుడు ఆ బల్బు వెతకడమే పెద్ద పని.

ఇక ఇన్నేళ్ల వాడకం. సాయంత్రాలు అమ్మ వివిధ భారతి పెడుతుంది, ఆదివారం రికార్డులు నేను పెడతాను. ఏడాదికోసారి మూత తీసి దుమ్ము ఊది కొలుస్తాను. 30 వోల్టులు 30 దగ్గరే ఉన్నాయి, అల రెండు మిల్లీవోల్టులకు మించలేదు. రాత్రి అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు స్పీకర్‌కి చెవి ఆనిస్తే సన్నటి హిస్ వినపడుతుంది, హమ్ లేదు. కరెంటు పోయి వచ్చినా, ఎండాకాలం గంటల తరబడి నడిచినా తేడా రాలేదు. మధ్యలో స్పీకర్ రిలే (స్పీకర్లను కలిపే స్విచ్) కాంటాక్టులు నల్లబడి ఒక చానల్ పోతూ వస్తూ ఉండేది, కానీ దానికీ సప్లైకీ సంబంధం లేదు. ఖర్చు, ఆ నకిలీ లాట్‌తో కలిపి కూడా, వెయ్యి రూపాయల లోపే.

రిపేరు తర్వాత సౌండ్ అద్భుతంగా మారిందని మాత్రం చెప్పను. హమ్ పోయింది, మిగతాది ముందెలా ఉందో అలాగే ఉంది. పెద్ద కెపాసిటర్లు 10,000 మైక్రోఫారడ్ తీసేసి 22,000 వేస్తే బాస్ పెరుగుతుందని కొందరు ఊరిస్తారు. ఆన్ చేసిన ప్రతిసారీ రెక్టిఫయర్ మీద, ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే కరెంటు దెబ్బ పెరగడం తప్ప అందులో నాకు లాభం కనిపించలేదు.

ఆ రెండు పాత డబ్బాలు ఇంకా వాటి చోటే ఉన్నాయి. పోయినసారి కొలిచినప్పుడు ఒకటి 9,600, ఇంకొకటి 9,400 చూపించాయి. 9,000 కిందికి దిగిన ఏడాది రెంటినీ కలిపి మారుస్తాను. కొత్తవి సన్నగా ఉంటాయి కాబట్టి పాత క్లాంపులో నిలబడటానికి చుట్టూ ఏదైనా పట్టీ చుట్టాలి.