మా మేనల్లుడితో 12 శనివారాలు: ఒక కౌన్సెలింగ్ కేంద్రం గురించి

కేంద్రం పేరు, ఊరి పేరు రాయట్లేదు. కేసులో ఉన్న పిల్లల ఆనవాళ్లు బయటపెట్టకూడదని చట్టం, పైగా వాడు మా అక్క కొడుకు. గోదావరి జిల్లాల్లో ఒక టౌను అనుకోండి చాలు. మీ ఇంట్లో కుర్రాణ్ణి కూడా పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డు ఇలాంటి చోటికి పంపితే, వెళ్లేముందు ఇది ఒకసారి చదువుకోండి.

వాడికి 16 ఏళ్లు. బజ్జీల కొట్టు దగ్గర తాళం మర్చిపోయిన మోటారు సైకిల్‌ని ముగ్గురు కుర్రాళ్లు ఎక్కి, పెట్రోలు అయిపోయేదాకా తిప్పి, కాలవ గట్టు మీద వదిలేశారు. అందులో మా వాడొకడు. ఆ బోర్డు అంటే ఏంటో అప్పటిదాకా నాకు తెలీదు. ఒక మేజిస్ట్రేటు, పక్కన ఇద్దరు సభ్యులు. జైల్లో పెడతారేమోనని ముందురోజు రాత్రి అక్కా నేనూ కన్ను మూయలేదు. ఇలాంటి కేసులో పిల్లాణ్ణి జైలుకి పంపరని, విచారణలో తప్పు తేలినా గ్రూప్ కౌన్సెలింగ్‌కి వెళ్లమని చెప్పి ఇంటి దగ్గరే ఉంచడానికి 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో వీలుందని అక్కడే తెలిసింది. మా వాడికి 12 వారాలు రాశారు.

ప్రతి శనివారం పదింటి నుంచి పన్నెండింటి దాకా. డబ్బులేమీ తీసుకోరు. నేను ఆర్టీసీ కండక్టర్ని, డ్యూటీ మార్పించుకుని తీసుకెళ్లేవాణ్ణి. బావ కువైట్‌లో ఉంటాడు.

దొంగతనం తప్పురా అని రెండు గంటలు క్లాసు పీకుతారనుకున్నాను. మొదటి రోజు పెద్దవాళ్లని కూడా లోపల కూర్చోనిచ్చారు. కౌన్సెలింగ్ చేసే మేడం కుర్రాళ్లని ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టి, ఒకడి గుప్పిట్లో గోళీ పెట్టి, "30 సెకన్లలో అది నీ చేతికి రావాలి" అని రెండోవాడికి చెప్పారు. ఇంక చూడండి. వేళ్లు విరుస్తున్నారు, గోళ్లతో రక్కుతున్నారు, మా వాడు అవతలివాడి మణికట్టు మెలేశాడు. ఒక్కడంటే ఒక్కడు "ఓసారి ఇవ్వరా" అని అడగలేదు. అంతా అయ్యాక మేడం, "అడిగితే ఇచ్చేవాడివా?" అన్నారు. చెయ్యి ఎర్రగా కందిపోయిన ఆ పిల్లాడు, "ఇచ్చేవాణ్ణే మేడం, అదేం చేసుకుంటాను?" అన్నాడు. గది అంతా నిశ్శబ్దం అయిపోయింది.

ఈ ఆట షికాగోలో 'బికమింగ్ ఎ మ్యాన్' అనే కుర్రాళ్ల కార్యక్రమం నుంచి తీసుకున్నారట. అక్కడ కార్యక్రమం నడిచినన్నాళ్లూ ఆ కుర్రాళ్లలో హింస కేసుల అరెస్టులు 45 నుంచి 50 శాతం తగ్గాయని 2017లో అచ్చయిన పరిశోధనలో ఉందని మేడం చెప్పారు. స్నేహితుల సంగతీ చెప్పారు. 2005లో అమెరికాలో చేసిన ఒక ప్రయోగంలో, కంప్యూటర్‌లో కారు నడిపే ఆట ఆడించారు. పక్కన స్నేహితులు చూస్తుంటే టీనేజీ పిల్లలు బాగా తెగించారు, పెద్దవాళ్లలో ఆ తేడా కనబడలేదు. అది వినగానే నాకు మా వాడి మోటారు సైకిలే గుర్తొచ్చింది. ఒంటరిగా ఉంటే వాడు దాని వంక చూసేవాడు కూడా కాదు.

నాకు అన్నిటికంటే నచ్చింది మాటల నోట్‌బుక్కు. మొదటి వారం "నీకేమనిపించింది?" అంటే ఎనిమిది మంది కుర్రాళ్లకీ రెండే మాటలు: కోపం, బోరు. వారానికి రెండు మూడు మాటలు రాయించారు. రోషం, ఉక్రోషం, చిన్నతనం, బెంగ, ఈర్ష్య. ఒక్కోటి ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో పక్కన రాయాలి. మా వాడు 'ఉక్రోషం' పక్కన "గొంతులో, చెవులు వేడెక్కుతాయి" అని రాశాడు. కింద ఇంకో లైను: "మీ నాన్న ఫోన్ కూడా చెయ్యడంట కదా అన్నాడు, అప్పుడే ఎక్కాను."

తప్పొప్పులు తెలీక ఎక్కాడనుకున్నాను ఇన్నాళ్లూ. దొంగతనం తప్పని వాడికి ఒకటో తరగతి నుంచీ తెలుసు. చెవులు వేడెక్కిన ఆ పది సెకన్లలో ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు, నేను కూడా. నేను నేర్పిందల్లా చెంపదెబ్బ. ఇప్పుడు చెవులు వేడెక్కితే అక్కణ్ణించి పది అడుగులు పక్కకి నడుస్తాడు. మొన్న క్రికెట్ దగ్గర గొడవైతే నడిచి ఇంటికి వచ్చేశాడు, బ్యాటు అక్కడే వదిలేసి.

బాగోలేనివీ చెప్పాలి. రెండో వారం బయట బల్ల దగ్గరాయన అందరి ముందూ "ఆ బండి దొంగతనం వాళ్లు రండి" అని కేకేశాడు. మా వాడు తల దించుకుని నా వెనక దాక్కున్నాడు. పిల్లల మీద నేరం మోపే మాటలు వాడకూడదని ఆ చట్టంలోనే రాసుంది. మేడంకి చెబితే మరుసటి వారం నుంచి టోకెన్ నంబర్లు పెట్టారు, సంతోషం. ఆర్డరు కాపీ మూడుసార్లు అడిగారు, జిరాక్సులు ఎక్కువ పెట్టుకోండి. ఏడో వారం మేడంకి బదులు వేరే ఆయన వచ్చారు. మంచివారే, కానీ కుర్రాళ్లు మళ్లీ నోరు విప్పడానికి రెండు వారాలు పట్టింది. కేంద్రం వాళ్లకి ఒక మాట: సగంలో మనిషిని మార్చకండి.

ఇంకొకటి, ఇదే పెద్దది. తల్లిదండ్రుల్ని పిల్లలతో కూర్చోబెట్టి మాట్లాడించింది పదకొండో వారంలో. బావ కువైట్ నుంచి ఫోన్‌లో కలిశాడు. వాడు నోట్‌బుక్ తీసి ఆ లైను చదివాడు. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "శుక్రవారం నాకు సెలవురా నాన్నా, పొద్దున్నే చేస్తాను" అన్నాడు. చేస్తున్నాడు కూడా. ఆ కూర్చోబెట్టడం మొదటి శనివారమే పెట్టండి.