బాలామృతం: మా చిన్నోడికి ఆరు నెలలు పెట్టాక

మాది విజయనగరంలో ఒక ఇరుకు వీధి. ఆయన గంటస్తంభం దగ్గర ఆటో తిప్పుతారు, నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. చిన్నోడికి పది నెలలప్పుడు అంగన్‌వాడీ టీచరమ్మ వాడి చేతికి టేపు చుట్టి చూసింది. 12.1 సెంటీమీటర్లు, పసుపు రంగులో పడ్డాడు, అంటే పోషణ తక్కువని. 12.5, ఆపైన ఉంటే ఆకుపచ్చ, 11.5 కంటే తగ్గితే ఎరుపట. "బాగానే తింటాడండీ" అన్నాను గానీ, వాడు తినేది మా అత్త టీలో ముంచి పెట్టే బిస్కెట్లే.

అందుకే అంగన్‌వాడీలో చిన్నపిల్లలకు నెలనెలా ఇచ్చే బాలామృతం పొడి పెట్టడం మొదలుపెట్టాను. ప్యాకెట్ రెండున్నర కిలోలు. రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకని లెక్క. మా ఇంట్లో మొదటిది పన్నెండు రోజులే వచ్చింది! గోధుమలు, శనగపప్పు, పాలపొడి, పంచదార వేసిన పిండి కదా, కమ్మగా ఉంటుంది. పెద్దోడు చెంచాతో పొడే బొక్కేవాడు, పక్కింటి పిల్లలకూ తలో గుప్పెడు. రెండో నెల నుంచి కుట్టుమిషను కింద బట్టముక్కల డబ్బాలో దాచాను.

వేడినీళ్ళలో ఒక్కసారే పోస్తే ఉండలు కడుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళు కొన్ని పోసి ముందు ముద్దలా కలుపుకుని, తర్వాత గోరువెచ్చటి నీళ్ళు పోస్తే చక్కగా వస్తుంది. ఏ పూటకాపూటే కలపాలి. పొద్దున కలిపింది సాయంత్రం పెట్టి నేను అనుభవించాను: విరేచనాలు పట్టుకుని, పెరిగిన కాస్త బరువూ పోయింది. ఆశా అమ్మ ఓఆర్‌ఎస్ ఇచ్చి, జింకు బిళ్ళలు 14 రోజులూ మానకుండా వెయ్యమంది.

నాకు నచ్చనిది తీపి. దానికి అలవాటుపడి పప్పన్నం పెడితే ఊసేసేవాడు. ఇప్పుడు ఒక పూట ఇది, ఒక పూట ఉప్పేసిన చోడి (రాగి) జావ, మధ్యలో అన్నం, గుడ్డు. గుడ్డు చిదిమి అన్నంలో కలిపితే తెలీకుండా మింగేస్తాడు. ఒక నెల ప్యాకెట్ బాగా ఆలస్యమైంది, ఎక్కడ ఆగిందో ఎవరూ చెప్పలేదు. ఆ నెలంతా చోడే ఆదుకుంది.

మొన్న టేపు 12.8 చూపించింది. ఐదుకి నాలుగు స్టార్లు. కోసిన ఒక్కటీ తీపికే, ఆలస్యానికి పొడిని అనలేం కదా.