వెబ్‌సైట్ పెట్టిస్తున్నారా? డొమైన్ ఎవరి పేరు మీద ఉందో ముందు చూసుకోండి, మాకు జరిగింది చెప్తున్నా

వైజాగ్‌లో చిన్న షాపో వర్క్‌షాపో నడుపుకుంటూ మొదటిసారి వెబ్‌సైట్ పెట్టిద్దాం అనుకుంటున్న వాళ్ళు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కొంచెం పెద్దదే, కానీ మాకు జరిగినట్టు ఇంకొకళ్ళకి జరగకూడదని కూర్చుని రాస్తున్నా.

మాది గాజువాక ఆటోనగర్‌లో మోటార్ రీవైండింగ్ షాపు. నాన్నగారు ముప్పై ఏళ్ళ నుంచి ఇదే పని, నేను బీకామ్ అయ్యాక కొటేషన్లు, బిల్లులు, జీఎస్టీ చూసుకుంటున్నా. 2023 మొదట్లో పరవాడ వైపు ఒక కంపెనీ వాళ్ళు వెండర్ ఫారం ఇచ్చారు, అందులో కంపెనీ మెయిల్ ఐడీ అని ఒక గడి ఉంది, మేం జీమెయిల్ రాసి ఇస్తే పర్చేజ్‌లో ఆయన "సొంత డొమైన్ మెయిల్ ఉంటే బాగుంటుందమ్మా, పైవాళ్ళు అడుగుతారు" అన్నారు. డొమైన్ అంటే డాట్ కామ్ అనో డాట్ ఇన్ అనో ఉండే సైట్ పేరు. అలా మొదలైంది మా వెబ్‌సైట్ కథ.

ఊళ్ళోనే ఒక వెబ్ డిజైన్ ఆఫీసు. పేరు రాయను, రాస్తే అసలు విషయం పక్కకి పోయి గొడవే మిగుల్తుంది. వెళ్ళాం, మంచిగా కూర్చోబెట్టి మాట్లాడారు, 7,500 రూపాయల ప్యాకేజీ, డొమైన్ ఫ్రీ, హోస్టింగ్ (సైట్ ఫైళ్ళు, మెయిళ్ళు పెట్టే సర్వర్‌లో చోటు) అన్‌లిమిటెడ్, ఐదు మెయిల్ ఐడీలు, పది రోజుల్లో సైట్ అన్నారు. నిజంగానే పది రోజుల్లో ఇచ్చారు, సైట్ కూడా బానే ఉంది, అందులో అబద్ధం లేదు. నాన్నగారు ఎంత సంబరపడ్డారో, ఆ డాట్ కామ్ పేరు విజిటింగ్ కార్డుల మీద వేయించారు, బిల్లు బుక్కు మీద వేయించారు, మా టాటా ఏస్ రెండు పక్కలా పెయింటర్‌తో రాయించారు.

అప్పుడు వాళ్ళిచ్చిన బిల్లులో ఒకటే లైను ఉంది, "వెబ్‌సైట్ ప్యాకేజీ – 1". నేను రోజూ బిల్లులు చూసేదాన్నే, బేరింగు వేరే లైను, వార్నిష్ వేరే లైను, కాపర్ కేజీల్లో వేరే లైను లేకపోతే సప్లయర్‌కి వెనక్కి పంపేస్తాను, అలాంటిది ఆ రోజు ఆ ఒక్క లైనుని ఎందుకు వదిలేశానో ఇప్పటికీ బాధే. డొమైన్ ఎవరి పేరున కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఎన్నేళ్ళకి కొన్నారు, అందులో ఒక్క ముక్క లేదు.

రెండో ఏడు రెన్యువల్ 9,800 అన్నారు, కట్టేశాం. మూడో ఏడు 16,500, పైన జీఎస్టీ 18 శాతం. ఎందుకంత అంటే డొమైన్ రేట్లు పెరిగాయి, సర్వర్ పెరిగింది, ఎస్ఎస్ఎల్‌కి 2,500 అన్నారు. మా పెద్దనాన్నగారబ్బాయి రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అన్నయ్యకి ఫోన్‌లో ఈ లెక్క చదివి వినిపిస్తే ఎస్ఎస్ఎల్ దగ్గరే ఆపేశాడు. సైట్ పక్కన తాళం గుర్తుకోసం వేసే ఆ సర్టిఫికెట్ లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 నుంచి ఊరికే ఇస్తోందంట, గడువు అయ్యేలోపే సర్వరే దానంతటదే మార్చుకుంటుందంట, మా సైట్‌లో ఉన్నది కూడా అదే. బ్రౌజర్‌లో ఆ తాళం మీద నొక్కించి, ఇచ్చినవాళ్ళ పేరు నాచేతే చదివించాడు. ఊరికే వచ్చేదానికి మా దగ్గర 2,500.

సరే అయితే డొమైన్ మాకిచ్చేయండి, హోస్టింగ్ మేం వేరే చూసుకుంటాం అని అడిగాను. అప్పట్నుంచి మాట మారిపోయింది. ముందు "సార్ ఊళ్ళో లేరు మేడమ్", తర్వాత "ట్రాన్స్‌ఫర్ ఛార్జీ 8,000 అవుద్ది", ఆ తర్వాత ఫోన్ ఎత్తడమే మానేశారు.

ఆ ఆదివారం అన్నయ్య ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచి, డొమైన్ పేర్లకి రూల్స్ పెట్టే ఐకాన్ (ICANN) అనే సంస్థ వాళ్ళ లుకప్ పేజీలో, అంటే డొమైన్ వివరాలు వెతికే పేజీలో, మా డొమైన్ కొట్టాడు. ఎవరైనా చూడొచ్చు, డబ్బులేం అక్కర్లేదు. డొమైన్ ఎప్పుడు కొన్నారో, ఎప్పటికి అయిపోతుందో, ఏ రిజిస్ట్రార్ దగ్గర, అంటే డొమైన్లు అమ్మే ఏ కంపెనీ దగ్గర ఉందో అన్నీ వచ్చాయి. 2018 నుంచి మనుషుల పేర్లు చాలావరకు దాచేస్తున్నారు కానీ రిజిస్ట్రెంట్ ఆర్గనైజేషన్ (డొమైన్ ఏ సంస్థ పేరున ఉందో అది) అనే చోట మాత్రం కనబడింది, ఆ ఆఫీసు పేరు. మా షాపు పేరు ఎక్కడా లేదు. నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి "మన పేరేదమ్మా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

ఈ రిజిస్ట్రెంట్ అనే మాట గుర్తుపెట్టుకోండి. డబ్బులెవరు కట్టారు, సైట్‌లో ఎవరి ఫోటోలున్నాయి, బోర్డు మీద ఎవరి పేరుంది, ఇవేవీ రిజిస్ట్రార్ చూడడు, రిజిస్ట్రెంట్‌గా ఎవరుంటే డొమైన్ వాళ్ళదే. ఇల్లు కట్టించుకుని మేస్త్రీ పేరున రిజిస్ట్రేషన్ చేయించినట్టు అయింది మా పని. ఐకాన్ రూల్ ప్రకారం డొమైన్ మార్చుకోడానికి కావాల్సిన ఆథ్ కోడ్ అడిగిన ఐదు రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వకపోతే కంప్లయింట్ పెట్టొచ్చు, కానీ ఆ హక్కు రిజిస్ట్రెంట్‌ది. మేం రిజిస్ట్రార్‌కి మెయిల్ పెడితే మర్యాదగానే జవాబిచ్చారు, రికార్డులో ఉన్న ఓనర్ అడిగితేనే ఇస్తాం అని. వాళ్ళ తప్పు కూడా కాదు.

ఈ గొడవలో ఉండగానే మార్చి వచ్చేసింది, డొమైన్ ఎక్స్‌పైర్ అయింది. సైట్ ఆగడం ఒకెత్తు, మెయిళ్ళు ఆగడం అసలు దెబ్బ. మేం పంపేవి వెళ్ళట్లేదు, మాకు పంపినవి తిరిగి వెళ్ళిపోతున్నాయి, పంపినవాళ్ళు షాపు మూసేశారేమో అనుకుంటున్నారు. డొమైన్ ఆగిన ఆ పదకొండు రోజుల్లోనే ఒక రొయ్యల ప్లాంటు వాళ్ళు షట్‌డౌన్‌లో ఆరు పంపు మోటార్లు రీవైండింగ్‌కి కొటేషన్ అడుగుతూ మెయిల్ పెట్టారు, అది బౌన్స్ అయి వేరే షాపుకి వెళ్ళిపోయింది, మాకు తెలిసేటప్పటికి అక్కడ కాయిల్స్ చుట్టడం కూడా అయిపోయింది. పదేళ్ళ నుంచి మా దగ్గరకే వచ్చే కంపెనీ అది.

డాట్ కామ్ ఎక్స్‌పైర్ అయితే వెంటనే పోదు, చాలామంది రిజిస్ట్రార్లు కొన్ని వారాలు మామూలు రేటుకే రెన్యువల్ చేయనిస్తారు, ఆ గడువు దాటి డిలీట్ చేస్తే 30 రోజులు రిడెంప్షన్ అని ఉంటుంది, అప్పుడు మామూలు రేటు కాకుండా పైన వేలల్లో ఫీజు పడుతుంది, అదీ అయ్యాక ఐదు రోజులకి ఎవరైనా కొనుక్కునేలా బయటికి వచ్చేస్తుంది. మాకు ఆ రిడెంప్షన్ దాకా వెళ్తుందేమో అని భయం వేసింది, నాన్నగారు "ముందు కట్టేయమ్మా, మెయిల్ రానీ" అన్నారు, మొత్తం 19,470 కట్టేశాం. డొమైన్ మాత్రం ఇంకా వాళ్ళ పేరునే ఉంది.

1915కి ఫోన్ చేసి కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లయింట్ రాయించాను. వ్యాపారానికి కొన్నది కదా చెల్లదు అని కొంతమంది అన్నారు, కానీ 2019 చట్టంలో కేవలం స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసం కొని వాడుకునే వస్తువుల్ని వాణిజ్య అవసరం కింద లెక్కేయరు అని ఉంది, ఇలాంటి సర్వీసుకి వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోవాలి, కాబట్టి చిన్న షాపుల వాళ్ళు ఆ మాట విని అడగకుండానే ఆగిపోకండి. ఆ ఆఫీసు ఇచ్చిన జవాబు ఏంటంటే, బిల్లులో డొమైన్ ఓనర్‌షిప్ గురించి రాయలేదు అని. ఆ ఒక్క లైను బిల్లు చూపించే అన్నారు.

కొత్తగా పెట్టించేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే, డొమైన్ మాత్రం మీ చేత్తో మీరే కొనండి, డిజైనర్ ఎంత మంచివాడైనా, మీ మేనల్లుడైనా సరే. పది నిమిషాల పని, ఫోన్ రీచార్జ్ చేయగలిగిన వాళ్ళెవరైనా చేయగలరు. డాట్ కామ్ అయితే ఐకాన్ గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్, డాట్ ఇన్ అయితే దాన్ని నడిపే నిక్సీ (NIXI) గుర్తింపు ఉన్న రిజిస్ట్రార్, రెండు లిస్టులూ వాళ్ళ వెబ్‌సైట్లలోనే ఉంటాయి. ఫారంలో పేరు మీది, ఆర్గనైజేషన్ మీ షాపుది, ఫోన్ మీది, మెయిల్ మీరు రోజూ చూసే జీమెయిల్. ఇక్కడ జాగ్రత్త, ఇన్ఫో ఎట్ మీ డొమైన్ అని అదే డొమైన్ మెయిల్ ఇవ్వకండి, ఎందుకంటే డొమైన్ ఆగిన రోజు రిజిస్ట్రార్ పంపే హెచ్చరిక కూడా ఆగిపోయిన మెయిల్‌కే వెళ్తుంది. కొన్నాక మెయిల్ వెరిఫై చేయమని లింక్ వస్తుంది, 15 రోజుల్లో నొక్కకపోతే డొమైన్ సస్పెండ్ చేస్తారు, స్పామ్‌లో కూడా వెతకండి.

రేటు విషయంలో మొదటి ఏడాది రేటు అసలు చూడకండి, రెన్యువల్ రేటు చూడండి. డాట్ కామ్ మొత్తాన్ని నడిపే వెరిసైన్ వాళ్ళు రిజిస్ట్రార్ల దగ్గర తీసుకునేది 2024 సెప్టెంబరులోనే ఏడాదికి 10.26 డాలర్లు అయింది, అలాంటప్పుడు 99 రూపాయలకి ఇస్తున్నాడంటే మిగతాది తర్వాత ఏడాదిలోనో హోస్టింగ్‌లోనో రాబట్టుకుంటాడు. కొనే ముందు ఇంకొకటి అడగండి, ఆథ్ కోడ్ నా లాగిన్‌లో నేనే తీసుకోవచ్చా, లేక టికెట్ పెట్టి మీ వెనకాల తిరగాలా అని. కొత్తగా కొన్న డాట్ కామ్‌ని 60 రోజులు వేరే చోటికి మార్చలేం, అది మామూలే, దానికి కంగారు పడక్కర్లేదు.

హోస్టింగ్ ఇంకో కంపెనీ దగ్గర తీసుకోండి. రెండూ ఒకే చోట ఉంటే సుఖమే, కానీ గొడవ వచ్చిన రోజు రెండూ ఒకేసారి ఆగుతాయి. వేరుగా ఉంటే, డొమైన్ ఏ సర్వర్‌కి వెళ్ళాలో చెప్పే నేమ్‌సర్వర్లు మార్చి వేరే హోస్ట్‌కి వెళ్ళిపోవచ్చు. అన్‌లిమిటెడ్ అన్న మాట నమ్మి కొనకండి, ఇనోడ్స్ ఎన్ని అని అడగండి, అంటే ఎన్ని ఫైళ్ళు పెట్టుకోవచ్చని. మామూలుగా ఈ సర్వర్లలో ఒక్కో మెయిలూ ఒక్కో ఫైలే, మాకు పార్టీలు పంపే డ్రాయింగులు, ఫోటోల మెయిళ్ళతో ఆ ఫైళ్ళ లెక్క నిండిపోయి రెండో ఏడాదే కొత్త మెయిళ్ళు ఆగాయి, అప్పుడూ అప్‌గ్రేడ్ అని 2,000 తీసుకున్నారు. నెలకి ఇంతే అని పెద్ద అక్షరాల్లో వేసి మూడు నాలుగేళ్ళ డబ్బు ఒకేసారి కట్టించుకునేవి కూడా ఉంటాయి, పేమెంట్ పేజీలో మొత్తం ఎంతో చూశాకే ఓటీపీ కొట్టండి.

డిజైనర్‌కి హోస్టింగ్ లాగిన్ ఇవ్వండి, డొమైన్ లాగిన్ ఇవ్వకండి. పని అయ్యాక సీప్యానెల్ (హోస్టింగ్ నడిపే కంట్రోల్ పేజీ) పాస్‌వర్డ్ మార్చి, ఫుల్ బ్యాకప్ దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. మాకు సీప్యానెల్ ఇవ్వనే లేదు, సైట్ ఫైళ్ళు కూడా వాళ్ళ దగ్గరే. బిల్లులో డొమైన్, హోస్టింగ్, డిజైన్ మూడు లైన్లు విడివిడిగా రాయించుకోండి. రాయను అంటే అక్కడ్నుంచి లేచి వచ్చేయండి, ఊళ్ళో ఇంకా చాలామంది ఉన్నారు పద్ధతిగా చేసేవాళ్ళు.

ఇప్పటికే సైట్ ఉన్నవాళ్ళు ఈ రాత్రికే లుకప్‌లో చూసుకోండి, మీ డిజైనర్‌తో సంబంధాలు బాగున్నప్పుడే అడిగి మార్పించుకోండి. గొడవయ్యాక అడిగితే ఏమవుద్దో చెప్పాను కదా.

మేం ఏం చేశామంటే నా పేరున కొత్తగా డాట్ ఇన్ కొన్నాను, ఐదేళ్ళకి ఒకేసారి కట్టేశాను, పదేళ్ళ వరకూ కట్టొచ్చు. కట్టిన ఏడాది డబ్బు ఎలాగూ పోయింది కాబట్టి ఆ ఏడాదిని వాడుకుంటున్నాం, పాత మెయిల్‌కి వచ్చిన ప్రతిదానికీ కొత్త ఐడీ నుంచే జవాబిచ్చి, ఇక మీదట దీనికే పంపండి అని పెడుతున్నా, వెండర్ ఫారాలు ఒక్కో కంపెనీకి వెళ్ళి మార్పిస్తున్నా. కార్డులు కొత్తవి వచ్చాయి. టాటా ఏస్ మీద పాత పేరు చెరిపి రాయడానికి పెయింటర్ పోయిన శనివారం వచ్చాడు, నాన్నగారు "ఈసారి మనదేనా?" అని నన్నడిగి, లుకప్ పేజీ ఫోన్‌లో చూపించాకే రంగు డబ్బా తెరవనిచ్చారు.

పాత డొమైన్ వచ్చే మార్చిలో అయిపోతుంది. ఇంకా నలభై ఒక్క పార్టీలకి కొత్త మెయిల్ చెప్పాల్సి ఉంది.