ఐసా, డ్రై ఐసా: ఏ పెట్టెకు ఏది మేలు?

మామూలు ఐసు కంటే డ్రై ఐస్ ఎంతో చల్లగా ఉంటుంది కాబట్టి పాడైపోయే వస్తువు ఏదైనా దానిలో పెట్టి పంపితే మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి చేపలకు ఐసే మేలు, ఐస్‌క్రీమ్‌కు డ్రై ఐసే మేలు, టీకాల సంగతి ఈ రెండింటికీ వేరు.

డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. మన పాత పాఠ్యపుస్తకాల్లోని బొగ్గుపులుసు వాయువు. వాతావరణ పీడనానికి ఐదు రెట్లకు పైగా పీడనం ఉంటే తప్ప అది ద్రవంగా నిలవదు. అందుకే మన చుట్టూ ఉండే గాలిలో మైనస్ 78.5 డిగ్రీల సెల్సియస్ దగ్గరే గడ్డ నేరుగా వాయువైపోతుంది, పెట్టెలో కరిగిన నీరంటూ ఉండదు. కిలో ఐసు కరగడానికి సుమారు 334 కిలోజౌల్స్ వేడిని పీల్చుకుంటే, కిలో డ్రై ఐస్ వాయువు కావడానికి సుమారు 570 కిలోజౌల్స్ పీల్చుకుంటుంది. పైగా దాని సాంద్రత ఎక్కువ గనుక, అంతే చోటులో ఐసుకు దాదాపు మూడు రెట్ల చలిని అందిస్తుంది.

ఇంత బలం చేపలకు అక్కరలేదు. భీమవరం వైపు చెరువుల దగ్గర చేపలను పొడిచేసిన ఐసుతో వరుసలుగా పేర్చి లారీలకు ఎక్కిస్తారు. ఆ ఐసు కరుగుతూ, ఆ నీరు ప్రతి చేప ఒంటినీ తడుపుతూ, సున్నా డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. కండ గడ్డకట్టదు, ఎండదు. అదే డ్రై ఐస్ తగిలితే తగిలినచోట కండ బిగుసుకుపోయి, తిరిగి కరిగాక మెత్తబడి నీరు కారుతుంది. తాజా చేపకు సరిసమానమైన బరువులో ఐసు వేస్తే చాలు.

టీకాల పెట్టెలో ఈ తేడా మరీ ముఖ్యం. పెంటావాలెంట్, హెపటైటిస్-బి వంటి టీకాలు గడ్డకడితే పనికిరావు. అందుకే ఆరోగ్య కార్యకర్తలు ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్ ప్యాక్‌ను వెంటనే టీకాల పక్కన పెట్టరు. కొంతసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపించాకే పెట్టెలో సర్దుతారు. ఆ చిన్న చప్పుడు మీదే టీకా బలం ఆధారపడి ఉంటుంది. కోవిడ్ సమయంలో ఫైజర్ టీకాకు మొదట్లో మైనస్ 70 డిగ్రీల చలి కావలసి వచ్చి డ్రై ఐస్‌లో పంపారు. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌కు మాత్రం 2 నుంచి 8 డిగ్రీలు సరిపోయింది.

ఐస్‌క్రీమ్ దగ్గర ఐసు చేతులెత్తేస్తుంది, ఎందుకంటే సున్నా డిగ్రీల్లో ఐస్‌క్రీమ్ కరిగిపోతుంది. కుల్ఫీ బండివాళ్లు ఐసులో ఉప్పు కలిపి చలిని సున్నాకు బాగా దిగువకు తెస్తారు, కానీ అది కొన్ని గంటల అమ్మకానికే సరిపోతుంది. రాత్రంతా ప్రయాణించాలంటే డ్రై ఐస్‌ను కాగితంలో చుట్టి సరుకు పైన పెట్టాలి. చల్లగాలి కిందికి దిగుతుంది. అయితే ఇంటి ఫ్రీజర్‌లో దాచినా అది తరిగిపోతూనే ఉంటుంది గనుక వాడే రోజే కొనుక్కోవాలి. విమానంలోనైతే సంస్థ అనుమతితో ఒక్కొక్కరు 2.5 కిలోల వరకే తీసుకెళ్లవచ్చు.

కిలో డ్రై ఐస్ 500 లీటర్లకు పైగా వాయువవుతుంది. బిగుతు మూత పెడితే డబ్బా పేలుతుంది. అద్దాలు మూసిన కారులో పెట్టుకుంటే ఊపిరాడదు. పెళ్లి వేదికపై నేలను పాకే తెల్లని పొగ నిజానికి చల్లబడిన నీటి ఆవిరే, కానీ దానితోపాటు గాలికంటే బరువైన ఈ వాయువూ కిందికే చేరుతుంది. మూసిన హాలులో నేల మీద కూర్చున్న పిల్లల ముఖాలు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి కాబట్టి, ఆ ముచ్చట ఆరుబయలు పందిరికే ఉంచుకోవడం మంచిదని నా గట్టి అభిప్రాయం.

ఇక నోటిదాకా వెళ్లేదానిలో పోలికే లేదు. 2024 మార్చిలో గురుగ్రామ్‌లో ఒక భోజనశాలలో మౌత్ ఫ్రెష్‌నర్ అనుకుని డ్రై ఐస్ నోట్లో వేసుకున్నవారు నెత్తురు కక్కుకున్నారు. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకూడని వస్తువది; గ్లాసులో వేయవలసింది ఐసు ముక్కే.