రైఫిల్ గొట్టంలో గాడులు: గుండ్రటివి మేలా, పలకవి మేలా?

తూటాని తిప్పడానికి గొట్టం లోపల మెలికగా చెక్కే గాడుల ఆకారం గురించి మాట రాగానే చాలామంది తూటా వేగం గురించే అడుగుతారు. ముందు అడగాల్సింది గొట్టాన్ని తినేది ఏమిటని. బ్రిటిష్ .303 రైఫిల్‌కు ఏడేళ్ల తేడాతో వేసిన రెండు రకాల గాడులు చూస్తే సంగతి తెలుస్తుంది.

1888 నాటి లీ-మెట్‌ఫర్డ్‌లో ఏడు గాడులు. లోతు తక్కువ, మూలలు లేవు, గాడి నుంచి గట్టుకి (రెండు గాడుల మధ్య మిగిలే ఎత్తుకి) నున్నని వంపు. అప్పుడు వాడింది పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్). అది కాలాక సగానికి పైగా గట్టి పదార్థంగానే మిగులుతుంది. పలక మూలలుంటే ఆ మసి అక్కడే గడ్డకడుతుంది, వంపు గాడిలోంచి గుడ్డ లాగితే వచ్చేస్తుంది. ఆ తుపాకిమందుకు ఇంతకంటే మంచి గొట్టం లేదు.

తర్వాత కార్డైట్ అనే పొగ తక్కువ తుపాకిమందు వచ్చింది. 215 గ్రెయిన్ల (సుమారు 14 గ్రాముల) తూటా వేగం సెకనుకు సుమారు 1,850 అడుగుల నుంచి 1,970కి పెరిగింది. ఆ పెరుగుదల గాడుల వల్ల కాదు, మందు వల్ల. తొలి కార్డైట్‌లో 58 శాతం నైట్రోగ్లిజరిన్. దాని వేడికి ఛాంబర్ (తూటా కూర్చునే గది) ముందుండే గొంతు దగ్గర ఉక్కు పొరలు పొరలుగా కొట్టుకుపోతుంది. మెట్‌ఫర్డ్ గట్టు ఎత్తే తక్కువ. అది కాస్త అరిగేసరికి తూటాకి పట్టు దొరకదు, సరిగ్గా తిరగదు, గురి చెదురుతుంది. అందుకే 1895లో ఎన్‌ఫీల్డ్ గాడులు వేశారు: ఐదే, కాని లోతైనవి, పలక అంచులవి. ఇవీ అరుగుతాయి, కాకపోతే అరిగాక కూడా పట్టుకోడానికి గట్టు మిగులుతుంది. మందులోనూ నైట్రోగ్లిజరిన్‌ని 30 శాతానికి తగ్గించారు, నా లెక్కలో అరుగుదలకు అసలు విరుగుడు అదే. మన పోలీసు ఠాణాల్లో, ఎన్‌సీసీలో దశాబ్దాలు నడిచిన .303 ఈ ఎన్‌ఫీల్డ్ వంశమే.

గాడుల సంఖ్య అంత ముఖ్యం కాదు. రెండో ప్రపంచయుద్ధంలో తయారీ త్వరగా అవ్వాలని రెండే గాడులతో గొట్టాలు చేశారు, యుద్ధానికి అవి బాగానే పనికొచ్చాయి.

ఇప్పటి పాలిగోనల్ గొట్టం (లోపల పదునైన గాడుల బదులు గుండ్రటి మూలల బహుభుజి ఆకారం ఉండేది) ఆ పాత వంపు ఆలోచనకు దగ్గరిదే. తూటా చుట్టూ సందు తక్కువ గనక వాయువు తక్కువ జారుతుంది, వేగం కొద్దిగా పెరగొచ్చు. ఒకే రకం గొట్టాలు రెండిటి మధ్యే అంత తేడా రావచ్చు కాబట్టి వేగం కోసం దీన్ని ఎంచుకోవడం దండగ. శుభ్రం చేయడం తేలిక, అదే దీని అసలు లాభం. రాగి తొడుగు లేని సీసపు తూటాలు మాత్రం ఇందులో వాడకూడదు. సీసం పేరుకుంటే దారి ఇరుకై పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది.

తొడుగు తూటాలతో, వేడి మందుతో ఎక్కువ కాల్పులుంటే లోతైన పలక గాడులే తీసుకోండి, లోపల క్రోమ్ పూత ఉంటే ఇంకా మంచిది. పాత .303 మందుగుండు అయితే ప్రైమర్ (మందుని అంటించే చిన్న బిళ్ల) వదిలే ఉప్పు నూనెకి కరగదు. ముందు వేడినీళ్లు పోసి, ఆరబెట్టి, ఆ తర్వాతే నూనె పట్టించాలి. గొట్టంలోంచి గుడ్డ లాగే పుల్‌త్రూ తాడుని తిన్నగా లాగాలి, పక్కకి రాసుకుంటే గొట్టం మూతి కోసుకుపోతుంది. మూతి చెడ్డాక లోపల ఏ గాడి ఉన్నా గురి నిలవదు.